తవుడు తిన్న చెరువు

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో మీకు బాగా పేరొచ్చిన పని ఏది?" అని అడుగుతుంటారు. పేరు అంటే నాకు వచ్చింది ఒకటే పేరు, అది "ఈకల మేడం". ఆడపిల్లకు చేపల శాఖలో ఉద్యోగమేమిటని చుట్టాలు ముక్కు మూసుకున్న రోజుల్లో చేరాను. చెరువు కట్టల మీద, చేపపిల్లల లారీల వెంట, సంఘాల తగాదాల మధ్య ఉద్యోగమంతా గడిచిపోయింది. అన్నేళ్లలో ఎవరూ పెట్టని పేరు రిటైరయ్యే ముందు వచ్చి మీద పడింది. దాని వెనక కథ చెప్తాను. అందులో నేను గెలవలేదు, ముందే చెప్పేస్తున్నా. గెలిచిన కథలు చెప్పేవాళ్లు శాఖలో బోలెడుమంది ఉన్నారు, అవి కావాలంటే వాళ్లను అడగండి.

తెలంగాణ వచ్చిన కొత్తలో చెరువులకు మంచి రోజులొచ్చాయి. పూడిక తీశారు, నీళ్లు నిండాయి, చేపపిల్లలను వదిలాం. నీళ్లతోపాటు పైనుంచి ఆలోచనలు కూడా పొంగి వచ్చేవి. అందులో ఒకటి ఈ ఫ్లై ఫిషింగ్. పట్నం నుంచి సరదాకు వచ్చేవాళ్లకు చెరువు ఒడ్డున గాలం వేసే ఆట పెడదాం, నేర్పడానికి ఊరివాళ్లలో ఒకరికి నెల జీతం మీద పని ఇద్దాం అన్నారు. ముందుగా శాఖ నుంచి ఒకరు ఉత్తరాది మంచుకొండల్లో శిక్షణకు వెళ్లాలి. మా ఆఫీసులో ఒకాయనకు మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చాయి, ఇంకొకాయన ఇంట్లో పెళ్లి పుట్టుకొచ్చింది, మూడో ఆయన చలి పడదన్నాడు. మిగిలింది నేను. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగనూనె అని మనసులో అనుకుంటూనే స్వెట్టర్ కొనుక్కున్నాను.

ఆ విద్య గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మామూలు గాలానికి వానపామో పిండిముద్దో ఎరగా గుచ్చుతారు. దీనికి ఎర ఉండదు. చిన్న గాలానికి ఈకలూ దారమూ చుట్టి పురుగులా తయారుచేస్తారు. అది దూదిలా తేలిక, విసిరితే ఎటూ పోదు. అందుకని దారాన్నే బరువుగా చేస్తారు. మనం విసిరేది దారాన్ని, ఈక దాని వెంట పోతుంది. కొండల్లో నాకు నేర్పింది పారే ఏట్లో. అక్కడ నీళ్లే ఈకను మోసుకుపోయి చేప నోటికి అందిస్తాయి. మన చెరువు కదలదు కదా! ఇక్కడ ఆ పురుగుకు ప్రాణం పోయాల్సింది మన వేళ్లే. వేయాలి, కాస్త మునగనివ్వాలి, దారాన్ని కొద్దికొద్దిగా లాగి ఆపి మళ్లీ లాగాలి. గాలి ఏ ఒడ్డుకు కొడితే పురుగులు ఆ ఒడ్డుకు కొట్టుకొస్తాయి, వాటి వెనక చేప వస్తుంది. ఈ సంగతులన్నీ తిరిగొచ్చాక మన చెరువు దగ్గరే నేర్చుకున్నాను, ఒంటినిండా దారం చుట్టుకుంటూ.

చెరువు పేరు చెప్పను. దేవరకొండ దాటి అమ్రాబాద్ వైపు వెళ్తుంటే దూరంగా నల్లమల గట్లు నీలంగా కనిపించే చోట, మూడు పక్కలా గుట్టలున్న పెద్ద చెరువు అది. బట్టలు ఉతికే ఆడవాళ్లు నన్ను చూసి, "మేడం, దోమలు కొడ్తున్నరా?" అని అడిగేవారు. మొదట్లో నాకు పడింది వేలెడంత పరిక చేప. మత్స్యకారుల సంఘం పెద్దమనిషి దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కూరకైతది మేడం," అన్నాడు. "పిల్లికి."

ఆయన్ను ఒప్పించడమే పెద్ద పని. చెరువులో చేప సంఘానిది, బయటివాళ్లకు గాలం వేయనివ్వరు. పట్టిన చేపను చంపకుండా మళ్లీ నీళ్లలో వదిలేస్తారని చెప్పాను.

"పట్టి ఇడిసిపెట్టుడేంది మేడం? ఇడిసేటందుకు పట్టుడెందుకు? అన్నం వండి అవుతల పారబోసినట్టు!"

"సరదా పెద్దాయనా. పట్నం వాళ్లకు అదో సరదా."

"చేపకు గూడ సరదానేనా అడిగిండ్రా?"

అడగలేదని నిజమే చెప్పాను. కానీ చేప తగ్గదన్నాక ఆయన ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకోవడానికి అసలు కారణం నేను కాదని తర్వాత తెలిసింది.

అసలు కారణం కట్ట మీద రోజూ కూర్చుని నన్ను చూస్తుండే ఒక మనిషి. యాభై దాటి ఉంటాడు. వల గుంజేటప్పుడు తాడుకు అందరికంటే ముందు నిలబడే మనిషి ఒకప్పుడు. ఒకసారి చేపల డబ్బాతో బండి మీద పోతూ కంకర రోడ్డులో జారిపడ్డాడు. విరిగిన భుజం అతుక్కుంది గానీ సరిగ్గా అతుక్కోలేదు. కుడిచెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు, బరువు లాగితే ప్రాణం పోయినంత నొప్పి. ఆ ఊరి సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. వల గుంజినోనికే వాటా. వెనకటికి పనికి రాకుండా వాటాలు అడిగినవాళ్ల వల్ల తలలు పగిలి ఠాణా దాకా పోయారట, అప్పుడు పెట్టుకున్నది. చిన్నా పెద్దా ఎవరికీ మినహాయింపు లేదు. పోనీ, ఊరికే ఏదో ఇంత చేతిలో పెడదామంటే ఈయన తీసుకోడు. "పని చెయ్యని వాటా నా గొంతు దిగది," అంటాడు. భార్య కూలికి పోతే పూట గడుస్తోంది. ఆమె తమ్ముడు హైదరాబాద్‌లో ఏదో అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని చూసిపెట్టాడు. మెట్ల కింద గది కూడా ఇస్తారట. దసరాలోపల వస్తావో రావో చెప్పమన్నాడు.

ఒక సాయంత్రం ఆయన కట్ట దిగి నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, గది చెయ్యి పైకి లేపకుంట ఏస్తరా?"

"అవునన్నా. మోచెయ్యి నుంచే వెయ్యాలి, భుజం కదపొద్దు."

నిజం చెప్పాలంటే, భుజం కదలకుండా ఉండటానికే శిక్షణలో మా చంకల్లో తువ్వాలు మడిచి పెట్టించారు. అది జారి కిందపడితే మళ్లీ మొదటినుంచి. ఈయనకు ఆ తువ్వాలు అక్కర్లేదు. దేవుడే భుజాన్ని బిగించి పంపాడు.

"నాకు నేర్పుతరా?" అని అడిగి, నేను ఔననేలోపలే, "పట్నం పోవుడు నాకిష్టం లేదు మేడం. పొద్దుగాల లేస్తే నీళ్లు కనవడాలె నాకు," అన్నాడు. ఆ మాట ఆయన అడుక్కున్నట్టు అనలేదు. కళ్లు చెరువు మీదే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆ పథకం మీద నాకు భక్తి పుట్టింది.

ఈ విద్యలో అందరూ తప్పేది ఒకేచోట. గాలం కర్రను వెనక్కి తెచ్చాక దారం పూర్తిగా సాగేదాకా ఆగాలి, ఆగకుండా ముందుకు కొడితే ఫట్‌మని ఈక తెగిపోతుంది. నాకది వంటబట్టడానికి చాలా ఈకలు ఖర్చయ్యాయి. ఆయన రెండో రోజే పట్టేశాడు. "చెర్నకోల లెక్కనే మేడం. తొందరవడితే సప్పుడైతది," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం కలిసి ఈకలు కట్టాం. నేను తెచ్చిన కొండదేశపు ఈకపురుగులు మన చేపలకు నచ్చలేదు. తొలకరి వానకు పుట్టల్లోంచి లేచే ఉసిళ్లు నీళ్లలో పడితే బొచ్చె చేపలు పైకొచ్చి తినడం ఆయన చూశాడు, నేనూ చూశాను. సరే అదే కడదామనుకున్నాం. పురుగు ఒంటికి పాత గొంగడిలోంచి పీకిన ఉన్ని, రెక్కలకు కోడిపుంజు మెడ ఈక. సన్నదారం ఆయన భార్య చుట్టేది, ఆమె వేళ్లు మా ఇద్దరి కంటే చురుకు.

దానికి ఒక సాయంత్రం మూరెడు బొచ్చె పడింది. ఆయన దాన్ని ఒడ్డుకు తెచ్చి, గాలం తీసి, తేరుకునేదాకా నీళ్లలోనే పట్టుకుని వదిలాడు. అది తోకతో ఆయన ముఖాన నీళ్లు కొట్టి వెళ్లిపోయింది. ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఆయన భార్య మాత్రం నెత్తి కొట్టుకుంది.

"మూరెడు చేపను ఇడిసినవా? నీ నెత్తి గిట్ల ఖరాబైందా ఏంది?"

ఇంక పైనుంచి పెద్దసారు వచ్చి చూసి, సరేనంటే పని మంజూరవుతుంది. భాద్రపదంలో వస్తానని కబురు పెట్టాడు. ఊరంతా సంబరం. మా ఆఫీసులో మోకాళ్ల నొప్పులాయన కూడా ఆ రోజు కొత్త చొక్కా వేసుకుని వచ్చి జీపు దిగాడు.

ఆ పొద్దు చూస్తే అడిగి తెచ్చుకున్నట్టుంది. పలచటి మబ్బు, నీళ్ల మీద చిన్న అల, గాలి సరిగ్గా మేం ఎంచుకున్న చెరువు ఒంపులోకే కొడుతోంది. పెద్దసారు మర్యాదస్తుడు, నేలమీద పరిచిన చాప మీదే కూర్చున్నాడు. మా మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాలి లోతు నీళ్లలో నిలబడి వేయడం మొదలుపెట్టాడు. ఎంత అందంగా వేశాడో! దారం గాలిలో సాగి, ఈక నీళ్ల మీద నిజం పురుగులా వాలింది. సారు చప్పట్లు కొట్టాడు.

చేప పడలేదు. మళ్లీ వేశాడు, పడలేదు. ఈక మార్చాం. ఇంకో పక్కకు జరిగాం. లోతుకు దింపాం. పైన తేల్చాం. ఎండెక్కింది. చాయ్ వచ్చింది, మళ్లీ చాయ్ వచ్చింది. సారు ఒకసారి గడియారం వైపు చూసి, నేను చూశానని గమనించి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. మోకాళ్లాయన నా పక్కన నిలబడి, "పోనీలెండి మేడం, అన్ని రోజులూ మనవి కావు," అని ఓదార్చాడు. ఆయన్ను చెరువులోకి తోసేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

అప్పుడు గమనించాను. ఒంపు నిండా అడుగునుంచి సన్నటి బుడగలు లేస్తున్నాయి. చేపలు లేక కాదు, చేపలన్నీ అడుగున మూతులు పెట్టి ఏదో తింటున్నాయి. ఒడ్డున నీళ్ల మీద గోధుమరంగు తెట్టు. వేలితో తీసి వాసన చూశాను. తవుడు!

సంఘం పెద్దమనిషిని పక్కకు పిలిచాను.

"జర ఫికర్ చెయ్యకుండ్రి మేడం," అన్నాడాయన నేను నోరు తెరవకముందే, గర్వంగా. "చేపలన్నీ గీడనే ఉన్నయి, యాడికి పోవు. నిన్న పొద్దూకే యాళ్లకు బస్తాలకు బస్తాలు తవుడు ఏసినం. పల్లిచెక్క గూడ కలిపినం."

"ఎందుకు వేశారు పెద్దాయనా?"

"అట్లంటరేంది? ఇంటికి పెద్దమనిషి వస్తే ఒట్టి చేతులతోని పంపుతమా? మా తాతలకాంచి గిట్లనే. సుట్టం వచ్చే దినం జాగా చూసి మేత ఏస్తం, చేప కూడుతది, వల ఏస్తం."

నేను తల పట్టుకున్నాను. వలకైతే అది బ్రహ్మాండమైన ఉపాయం. కడుపునిండా తవుడు తిని అడుగున కూర్చున్న చేప, పైన తేలే ఈకపురుగును తలెత్తి చూస్తుందా? పెళ్లిభోజనం చేసి లేచినవాడి ముందు మరమరాలు పెట్టినట్టు ఉంది మా పని. "నన్నొక్క మాట అడగొద్దా?" అని ఆయన మీద గట్టిగానే అరిచాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"మావోనికి పని దొర్కాలె గద మేడం," అన్నాడు మెల్లగా. "ఇంటికింత తెచ్చి ఏసినం. బర్రెలకు గూడ పెట్టకుంట తెచ్చిండ్రు అందరు."

ఇంకేం అరుస్తాను? నీళ్లలో నిలబడి ఉన్న మనిషి వైపు చూశాను. ఆ తెట్టు ఆయనకూ కనబడే ఉంటుంది, అదేమిటో అర్థమయ్యే ఉంటుంది. అయినా ఒక్కమాట అనకుండా వేస్తూనే ఉన్నాడు.

అంతలో పెద్దసారు లేచి వచ్చి ఒడ్డున ఉన్న తుంగగడ్డి వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ నీళ్లలో ఎర్రగా ఏదో కదులుతోంది, చేపలేనా?"

అందరం చూశాం. తుంగ పక్కన, చాపంత మేర నీళ్లు ఎర్రగా మసులుతున్నాయి. కొర్రమట్ట, అంటే కొరమీను పిల్లలు. వేలకొద్దీ పిల్లలు గుంపుగా పైకి తేలుతూ మునుగుతుంటాయి, వాటి కింద తల్లీతండ్రీ కావలి కాస్తుంటాయి. కొర్రమట్టకు తవుడుతో పని లేదు. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా ఎగిరి కరుస్తుంది. అక్కడ ఈక పడిందంటే చేప పడినట్టే. అది కూడా చూసినవాళ్లు పదికాలాలు చెప్పుకునేంత చేప.

పెద్దమనిషి ముఖం వెలిగింది. "ఎయ్యిరా! గాడ ఎయ్యి!" అన్నాడు గొంతు తగ్గించి.

నా నోటిదాకా కూడా అదే మాట వచ్చింది. ఒక్కసారి వేస్తే పని ఆయనది. మెట్ల కింద గది తప్పుతుంది. ఎలాగూ చేపను వదిలేస్తాం కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఆయన దారాన్ని చుట్టి గాలం కర్రను చంకలో పెట్టుకున్నాడు.

"ఆడ ఎయ్య సారు," అన్నాడు. "పిల్లలున్నయి."

"పట్టి వెంటనే వదిలేస్తారట కదా?" అన్నాడు సారు.

"ఇడిసెటాల్లకే అయిపోతది సారు. తల్లి పక్కకు జరిగిందంటే చిన్న చేపలన్నీ వచ్చి పిల్లలను మింగుతయి. మల్ల అది వచ్చి చూస్తే ఏముంటది?" పెద్దమనిషి వైపు తిరిగి అన్నాడు, "నువ్వే గదనే నాకు చెప్పింది, ఎర్రపిల్లలున్నకాడ వల ముట్టియ్యొద్దని."

పెద్దమనిషి తల దించుకున్నాడు. నేను కూడా.

సారు కాసేపు ఆ ఎర్రటి నీళ్లనే చూశాడు. "అయితే వద్దులే," అన్నాడు. భోజనాల దగ్గర తవుడు సంగతి నేనే చెప్పేశాను, దాచి చేసేదేముంది? ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు, జొన్నరొట్టె, చేపలపులుసు మెచ్చుకున్నాడు, అందరికీ దండం పెట్టి వెళ్లాడు. కానీ నవ్వించినందుకు మంజూరు రాదు కదా. ఆ పథకం ఇంకో జలాశయానికి పోయింది. అక్కడ కొన్నాళ్లకు ఈక పోయి మోటారు పడవలు, పాటలు వచ్చాయని విన్నాను.

ఆ సాయంత్రం ఆయన భార్య నాతోపాటు జీపు దాకా వచ్చింది. "ఆయన చేసింది మంచిదే మేడం, కాదన," అంది. "గని పొయ్యి మీదికి ఏం పెట్టాలె? తమ్మునికి వస్తమనే చెప్తున్న." ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

కొత్తగా చేరిన పిల్లలారా, ఈ కథ ఇక్కడ ఆపితే మీకు నీతి దొరుకుతుంది. కానీ నేను నీతి చెప్పడానికి మొదలుపెట్టలేదు, ఇంకొంచెం ఉంది.

దసరాకు ముందు ఆ చెరువులో వల వేస్తారు. పండుగ చేప కదా, చుట్టుపక్కల ఊళ్లన్నీ వస్తాయి. మాకూ పిలుపు వచ్చింది. వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు, అయినా వెళ్లాను. భార్యాభర్తలు తెల్లారి బస్సుకు పట్నం పోతున్నారని ఒడ్డు మీద చెప్పుకుంటున్నారు. ఆయన అలవాటుగా కట్ట మీద కూర్చున్నాడు, దూరంగా.

వల చుట్టేశారు. రెండు తాళ్లూ ఒడ్డుకు వచ్చాయి. మనుషులు వరసగా నిలబడి తాళ్లు పట్టుకున్నారు. లోపల చేపలు అప్పుడే ఎగురుతున్నాయి, ఒక్క హుంకారం వేసి గుంజడమే తరువాయి. ఎవరూ గుంజలేదు. ఏమైందోనని జనం మెడలు చాచి చూస్తున్నారు. కుడివైపు తాడుకు అందరికంటే ముందు ఒక మనిషి జాగా ఖాళీగా ఉంది.

పెద్దమనిషి కట్ట వైపు తిరిగి కేకేశాడు. "ఏమిరా, దిగుతవా లేదా? చేప తప్పిచ్చుకుంటాంది!"

ఆయన లేచి నిలబడ్డాడు గానీ దిగలేదు. "నాతోని గుంజుడు కాదే. నీకెర్క లేదా?"

"ఎడమ చెయ్యి ఉన్నది గద!"

"ఒంటి చెయ్యితోని గుంజితే ఏమొస్తదే? ఊకె ఇచ్చే వాటా నాకొద్దని చెప్పలేదా?"

"ఊకె ఎవడిస్తుండు? ఆ తుంగల పిల్లలను కాపాడింది ఎవడు, మీ బామ్మర్దా? రేపు ఏడాది మేం పట్టే కొర్రమట్టకు నువ్వు మొన్ననే గుంజినవు. దిగు!"

ఆయన భార్య ఆడవాళ్ల గుంపులోంచి, "పోరాదు!" అని గట్టిగా అరిచింది. ఆయన నెమ్మదిగా కట్ట దిగి, చెప్పులు విడిచి, నీళ్లలోకి నడిచి, ఆ ఖాళీ జాగాలో నిలబడ్డాడు. ఎడమచేత్తో తాడు పట్టుకున్నాడు. ఆ చేతికి ఎంత బలం ఉంటుంది? అయినా అందరూ ఆయన వీపు వైపే చూస్తూ నిలబడ్డారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆయన గుంజాడు. అప్పుడు అందరూ గుంజారు.